జ్వరం వల్ల హాజరు 63 శాతానికి పడిపోయింది: మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే పోయిన రోజులు కలుస్తాయా?

ప్రశ్న

నేను హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో బి.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది జె.ఎన్.టి.యు. హైదరాబాద్‌కు అనుబంధ కళాశాల, మాకు ఆర్22 నిబంధనలు వర్తిస్తాయి. సెమిస్టర్ మొదట్లో నాన్నగారికి గుండెలో స్టెంట్ వేశారు. అమ్మకు తోడుగా కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండిపోయాను. ఆ తర్వాత అక్క పెళ్లికి ఊరు వెళ్లాను. మొదటి మిడ్ పరీక్షలు రాసిన వెంటనే హాస్టల్లో నాకు డెంగీ జ్వరం వచ్చింది. ముందు మా ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు గారికి చూపించారు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గిపోవడంతో జిల్లా కేంద్రంలో ఆసుపత్రిలో చేర్చారు. తేరుకుని తిరిగి వచ్చేసరికి రెండు వారాలకు పైగా పట్టింది. ఇప్పటికి 400 పీరియడ్లు జరిగితే నాకు 252 మాత్రమే పడ్డాయి, అంటే 63 శాతం. ఇంకా 140 పీరియడ్ల వరకు జరుగుతాయని క్లాస్ ఇన్‌ఛార్జి మేడమ్ చెప్పారు. నా పేరు డిటెన్షన్ (పరీక్షలు రాయనివ్వకుండా ఆపేసే) జాబితాలోకి వెళుతుందని తోటివాళ్లు భయపెడుతున్నారు. మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు హాజరులో కలుపుతారా? పెళ్లి రోజులకు కూడా కలిపి పాత తేదీలతో సర్టిఫికెట్ రాసి ఇచ్చేవాళ్లు ఉన్నారని స్నేహితురాలు అంటోంది. హాజరు లేకపోయినా పరీక్ష రాయనివ్వాలని ఢిల్లీ హైకోర్టు చెప్పిందని ఒకరు, అమెరికాలో హాజరే అడగరని అక్కడ ఎం.ఎస్. చేస్తున్న మా పెద్దనాన్న గారి అబ్బాయి అంటున్నారు. నేను ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నాను. నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా ఇంట్లో ఏమీ చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నిజంగా జబ్బు పడినదానికి ఈ శిక్ష ఏమిటి?

సమాధానం

అన్నింటికన్నా ముందు మీకు నిద్ర పట్టనివ్వని సంగతి గురించి చెబుతాను. మీరు ఇచ్చిన అంకెలు సరైనవే అయితే, మీరు ఇంకా డిటెయిన్ కాలేదు. ఇకపై జరిగే తరగతులకు క్రమం తప్పకుండా వెళితే డిటెయిన్ అయ్యే పరిస్థితి రాకుండా చూసుకోవచ్చు కూడా. అయితే 75 శాతాన్ని ఈ సెమిస్టర్‌లో మీరు అందుకోలేరు, దానికి కావలసిన తరగతులు ఇక మిగిలి లేవు. కాబట్టి మీరు నడవవలసిన దారి కండోనేషన్ దారి, అంటే హాజరు లోటును మన్నించమని కళాశాలను కోరే దారి. ఆ దారి ఎలా ఉంటుందో తెలియక చాలామంది పిల్లలు, వారి తల్లిదండ్రులు ఆఖరి వారంలో ప్రిన్సిపాల్ గది ముందు నిలబడుతుంటారు. మీరు నెల ముందే అడిగారు, అది మీకు కలిసివచ్చే విషయం.

మీ విశ్వవిద్యాలయం నిబంధన ఇలా ఉంటుంది. సెమిస్టర్ చివరి పరీక్షలు రాయాలంటే ఆ సెమిస్టర్‌లోని అన్ని సబ్జెక్టులూ కలిపి కనీసం 75 శాతం హాజరు ఉండాలి. 65 శాతం, ఆపైన ఉండి 75కు తగ్గినవారి లోటును, కారణం నిజమైనదీ సరైనదీ అయినప్పుడు, విద్యార్థి పెట్టుకున్న అర్జీనీ దానికి జతపరచిన ఆధారాలనూ చూసి కళాశాల అకడమిక్ కమిటీ మన్నించవచ్చు. అలా మన్నించినందుకు నిర్ణీత రుసుము కట్టాలి. 65 శాతానికి తగ్గితే ఏ పరిస్థితిలోనూ మన్నించే వీలు లేదు. ఈ నిబంధనలో మీరు గమనించవలసినవి రెండున్నాయి. ఒకటి, లెక్క సబ్జెక్టు వారీగా కాక మొత్తం మీద వేస్తారు. రెండు, 65కూ 75కూ మధ్య ఉన్నవారికి మన్నింపు దానంతట అది రాదు, కమిటీ ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూవచ్చు. మన్నింపు అడగవలసిన బాధ్యత, ఆధారం చూపవలసిన బాధ్యత విద్యార్థివే.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 400 పీరియడ్లు జరిగాయి, ఇంకో 140 జరిగితే మొత్తం 540 అవుతాయి. ఆ 140లో ఒక్కటి కూడా వదలకుండా వెళితే మీకు పడేవి 392, అంటే 72.6 శాతం. 75 శాతానికి 405 కావాలి కాబట్టి 13 పీరియడ్లు తక్కువవుతాయి, వాటిని పూడ్చుకునే మార్గం లేదు. ఇక 65 శాతానికి 351 కావాలి. మీ చేతిలో 252 ఉన్నాయి, అంటే మిగిలిన 140లో కనీసం 99కి మీరు తరగతిలో ఉండి తీరాలి. సెలవులవల్లనో మరే కారణంవల్లనో 140కి బదులు 100 పీరియడ్లే జరిగాయనుకుంటే మొత్తం 500 అవుతుంది, అప్పుడు 325 కావాలి, వందలో 73 తప్పనిసరి. తరగతులు రద్దయితే హాయిగా ఉంటుందని అనుకోవడం విద్యార్థులకు మామూలే కానీ, హాజరు తక్కువగా ఉన్నవారికి రద్దయిన ప్రతి తరగతీ లోటు పూడ్చుకునే ఒక అవకాశాన్ని తీసుకుపోతుంది. ఇంకొక చిన్న సంగతి: మిడ్ పరీక్షకు హాజరైతే ప్రతి థియరీ సబ్జెక్టుకూ రెండు పీరియడ్ల హాజరు ఇవ్వాలని మీ నిబంధనల్లోనే ఉంది. మొదటి మిడ్ మీరు రాశారు కాబట్టి ఆ పీరియడ్లు మీ 252లో కలిశాయో లేదో అడిగి తెలుసుకోండి, రెండో మిడ్‌ను ఏ కారణంతోనూ వదలకండి.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే పోయిన రోజులు హాజరులో కలుస్తాయా? కలవవు. మన విద్యార్థుల ఇళ్లలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మెడికల్ సర్టిఫికెట్ మీరు ఎందుకు రాలేదో చెబుతుంది. రాని రోజును వచ్చిన రోజుగా మార్చే శక్తి దానికి లేదు. మీరు ఆసుపత్రిలో ఉన్న రోజులు రిజిస్టరులో గైర్హాజరుగానే ఉంటాయి, మీ శాతం అదే ఉంటుంది. ఆ తక్కువ శాతం ఉన్నా పరీక్ష రాయనివ్వవచ్చా అన్న ప్రశ్న కమిటీ ముందుకు వచ్చినప్పుడు, రాయనివ్వవచ్చు అనడానికి ఆ కాగితం ఆధారమవుతుంది. మరొక విధంగా చెప్పాలంటే విశ్వవిద్యాలయం జబ్బులకూ ఆపదలకూ అంటూ ముందుగానే పది శాతం పక్కన పెట్టి, అంతకు మించి అడగవద్దని చెప్పింది. కాలేజీ తరఫున ఆటల పోటీలకో ఎన్.సి.సి. శిబిరానికో వెళ్లినవారికి చాలా కళాశాలలు ఆన్ డ్యూటీ కింద హాజరు వేస్తాయి, అది సొంత జబ్బుకు వర్తించదు. ‘సెలవు చీటీ ఇచ్చాను, మేడమ్ సంతకం పెట్టారు, ఆ రోజులకు దిగుల్లేదు’ అనుకున్నవారు సెమిస్టర్ చివర్లో తమ శాతం చూసి నిర్ఘాంతపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. సెలవుకు అనుమతి దొరకడం వేరు, హాజరు పడడం వేరు.

ఈ తేడా ఎంత కఠినంగా ఉంటుందో దాచకుండా చెప్పాలి. మీ డెంగీ ఇంకొంచెం ముదిరి, 400లో మీకు 200 మాత్రమే పడి ఉంటే, మిగిలిన 140కీ వెళ్లినా 340 అయ్యేవి, అంటే 63 శాతం. అప్పుడు మీ జబ్బు ఎంత నిజమైనా, ఆసుపత్రి కాగితాలు ఎంత పక్కాగా ఉన్నా, కమిటీకి మన్నించే అధికారమే ఉండేది కాదు. ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, తర్వాతి సెమిస్టర్‌కు పంపరు, అదే సెమిస్టర్ మళ్లీ నడిచినప్పుడు రీఅడ్మిషన్ తీసుకుని చదవాలి. సాధారణంగా ఆ అవకాశం ఏడాదికి గాని రాదు, ఈలోగా నిబంధనలు మారి ఉంటే కొత్త బ్యాచ్‌తో కొత్త సబ్జెక్టులు కూడా చదవవలసి రావచ్చు. నిజంగా మంచాన పడిన విద్యార్థికీ, ఏ కారణమూ లేకుండా తరగతులు మానేసిన విద్యార్థికీ 65 దగ్గర ఒకే గీత గీయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నట్టు రుజువున్న రోజులను జరిగిన తరగతుల లెక్కలోంచే తీసివేసే వెసులుబాటు విశ్వవిద్యాలయాలు కల్పిస్తే, హాజరు నియమం పలచబడకుండానే ఇటువంటి పిల్లలు ఏడాది నష్టపోకుండా ఉంటారు. మహిళా విద్యార్థుల ప్రసూతి సెలవు గురించీ, దానికి సంబంధించి హాజరులో సడలింపుల గురించీ తగిన నిబంధనలు రూపొందించుకోమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. ఒక పరిస్థితికి అలా ఆలోచించగలిగినప్పుడు తీవ్రమైన జబ్బుకూ ఆలోచించవచ్చు. కానీ ఇది జరగవలసిన మార్పు, ఈ సెమిస్టర్‌కు మీకు వర్తించే నియమం ఇప్పుడున్నదే.

ఆంధ్రప్రదేశ్‌లో చదువుతున్న పాఠకులకు ఒక్క మాట. జె.ఎన్.టి.యు. కాకినాడ ఆర్20, ఆర్23 నిబంధనల్లో మొత్తం మీద 75 శాతంతో పాటు ప్రతి సబ్జెక్టులోనూ విడిగా కనీస హాజరు ఉండాలన్న షరతు కూడా ఉంది. మొత్తం శాతం బాగున్నా, నచ్చని ఒక్క సబ్జెక్టు తరగతులను పదేపదే ఎగ్గొట్టినవారు అక్కడ ఇరుక్కుంటారు. మీ బ్యాచ్‌కు వర్తించే నిబంధనల ప్రతిని మీ విశ్వవిద్యాలయం వెబ్‌సైటు నుంచి దించుకుని హాజరు భాగం మీరే చదవండి. సీనియర్లు చెప్పేది వారి బ్యాచ్ నియమం కావచ్చు.

ఇక ఆధారాల సంగతి. ఆర్.ఎం.పి. డాక్టరు గారు మీకు సమయానికి సాయపడి ఉండవచ్చు, కానీ మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచేవారిలో ఎక్కువమంది వైద్య మండలిలో నమోదైనవారు కారు. వారిచ్చిన చీటీ కమిటీ ముందు నిలవదు. మీకు పనికివచ్చేవి జిల్లా కేంద్రంలోని ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, రక్త పరీక్షల రిపోర్టులు, రోజువారీ ప్లేట్‌లెట్ల లెక్క, మందుల బిల్లులు, ఆ తర్వాత ఎన్నాళ్లు విశ్రాంతి అవసరమో తేదీలతో సహా రాసిన మెడికల్ సర్టిఫికెట్. సర్టిఫికెట్ మీద డాక్టరు గారి పేరు, సంతకం, వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా ఉండాలి. కాగితాలు పోయినా కంగారుపడకండి. వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించి 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను 3 సంవత్సరాల పాటు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లోగా వాటి ప్రతులు ఇవ్వాలి. ఆసుపత్రి రికార్డు విభాగానికి మీ పేరు, చేరిన తేదీ, ఉంటే ఐ.పి. నంబరు రాసి ఒక దరఖాస్తు ఇస్తే చాలు. విశ్రాంతి తీసుకోమన్న రోజులకు సర్టిఫికెట్ లేకపోతే, మీకు వైద్యం చేసిన డాక్టరు గారినే కలిసి, వారి దగ్గర ఉన్న రికార్డు ఆధారంగా ఇవ్వమని అడగండి. అది నిజమైన కాగితమే, ఆలస్యంగా తీసుకున్నంత మాత్రాన దొంగ కాగితం కాదు. సర్టిఫికెట్ మీద అది ఇచ్చిన రోజు తేదీయే ఉండాలి, జబ్బుతో ఉన్న తేదీలను లోపల విడిగా రాయాలి.

మీ స్నేహితురాలు చెప్పింది ఇందుకు పూర్తిగా భిన్నమైన పని, దాని జోలికి వెళ్లకండి. మీకు వైద్యం చేయని మనిషి డబ్బు తీసుకుని, మీరు పెళ్లిలో ఉన్న రోజుల్లో జ్వరంతో ఉన్నారని రాసి ఇవ్వడం అబద్ధపు పత్రం. డాక్టరు సంతకమో స్టాంపో కూడా దొంగదైతే అది ఫోర్జరీ అవుతుంది, అటువంటి పత్రాన్ని తెలిసి వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. నేను చెప్పిన ఆ 2002 నిబంధనల్లోనే, తాము ఇచ్చిన ప్రతి మెడికల్ సర్టిఫికెట్ వివరాలనూ డాక్టర్లు ఒక రిజిస్టరులో రాసుకుని ప్రతిని దగ్గర ఉంచుకోవాలని ఉంది కాబట్టి, కళాశాలవారు ఫోన్ చేసి అడిగితే నిజం తేలడానికి ఎంతోసేపు పట్టదు. చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా, మీ విషయంలో అది ఒట్టి తెలివితక్కువ పని. మీ దగ్గర కల్తీ లేని డెంగీ కేసు ఉంది. దాని పక్కన ఒక్క అబద్ధపు కాగితం పెడితే, అది దొరికిన క్షణాన మీ నిజమైన జ్వరాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా ఆ దొంగ కాగితం తెచ్చినా మీ శాతంలో ఒక్క పీరియడ్ కూడా పెరగదని పైన చూశాం కదా.

నాన్నగారి దగ్గర ఉన్న రోజులను మాత్రం ధైర్యంగా రాయండి. నిబంధన అడిగేది నిజమైన, సరైన కారణాన్ని. అది విద్యార్థి సొంత జబ్బే అయి ఉండాలని అందులో లేదు. తండ్రికి స్టెంట్ వేసినప్పుడు ఆసుపత్రిలో తల్లికి తోడుగా ఉన్న కూతురి కారణాన్ని ఆలోచన గల ఏ కమిటీ అయినా తేలిగ్గా తీసుకోదు. నాన్నగారి డిశ్చార్జి సమ్మరీ నకలు జతచేయండి. పెళ్లి రోజులను గురించి అడిగితే పెళ్లికి వెళ్లానని చెప్పండి. సొంత అక్క పెళ్లికి వెళ్లడం తప్పు కాదు. అది మన్నింపు కోరదగ్గంత పెద్ద కారణం కూడా కాదు. మీ లోటులో ఎక్కువ భాగం జబ్బువల్ల వచ్చిందని అంకెలే చెబుతున్నప్పుడు నాలుగు రోజుల పెళ్లిని దాచవలసిన అవసరమే లేదు.

అర్జీ ఎప్పుడు, ఎలా పెట్టాలన్నది తర్వాతి మాట. కండోనేషన్ జాబితా తరగతులు ముగిసే సమయంలో తయారవుతుంది గనుక అప్పుడు చూసుకోవచ్చని ఊరుకోకండి. ఈ వారంలోనే క్లాస్ ఇన్‌ఛార్జి మేడమ్‌ను కలిసి, వారి సలహాతో విభాగాధిపతి ద్వారా ప్రిన్సిపాల్ గారిని ఉద్దేశించి అర్జీ ఇవ్వండి. అర్జీ ఒక పేజీ దాటనక్కరలేదు. మీ పేరు, రోల్ నంబరు, విభాగం, సెమిస్టర్ రాశాక, నాన్నగారి చికిత్స వల్ల ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, డెంగీ వల్ల ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాలేకపోయారో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత ఈనాటికి మీ హాజరు ఎంతో, మిగిలిన తరగతులకు వెళితే ఎంత అవుతుందో ఆ అంకెలు రాయండి. లోటును మన్నించి పరీక్షలకు అనుమతించమని కోరి, జతపరచిన కాగితాల వివరం కింద ఇవ్వండి. దయచూడమని వేడుకునే వాక్యాలకన్నా తేదీలు, అంకెలు కమిటీకి ఎక్కువ ఉపయోగపడతాయి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని నకళ్లు ఇవ్వండి, అర్జీ రెండో ప్రతి మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. ఇది ఎవరి మీదా అనుమానంతో చేసే పని కాదు. సెమిస్టర్ చివర్లో ఆఫీసులో వందల కాగితాల మధ్య ఒకటి కనబడకపోవడం చాలా మామూలు. రుసుము ఎంత, ఎప్పటిలోగా కట్టాలి అన్నది పరీక్షల విభాగం నోటీసులో వస్తుంది. కమిటీ ఒప్పుకున్నాక కూడా రుసుము గడువు దాటబెట్టి హాల్ టికెట్ దగ్గర ఆగిపోయినవారున్నారు.

అర్జీకి ముందు మీ 252 అంకె సరైనదేనా అన్నది కూడా చూసుకోండి. ఉపాధ్యాయులు రిజిస్టరులో వేసే హాజరు, పోర్టల్‌లో ఎక్కే హాజరు ఎప్పుడూ ఒకటిగా ఉండవు. ల్యాబ్ బ్యాచ్ మారినప్పుడు, ఒకరి తరగతిని మరొకరు తీసుకున్నప్పుడు, బస్సు ఆలస్యమై మొదటి పీరియడ్ మధ్యలో వచ్చి చెప్పి కూర్చున్నప్పుడు తేడాలు వస్తుంటాయి. సబ్జెక్టు వారీగా ఎన్ని జరిగాయి, మీకు ఎన్ని పడ్డాయి అన్నది రాసుకుని, అనుమానం ఉన్నచోట ఆ ఉపాధ్యాయులనే మర్యాదగా అడగండి. ఎంత వెళ్లినా 72.6 శాతం దగ్గరే ఆగేవారికి నాలుగైదు పీరియడ్ల దిద్దుబాటు కూడా విలువైనదే.

ఢిల్లీ హైకోర్టు తీర్పు గురించి మీరు విన్నది అబద్ధం కాదు, కానీ అది మీకు పనికివచ్చేది కాదు. 2025 నవంబరులో ఆ కోర్టు, హాజరు తక్కువైందన్న కారణంతో న్యాయవిద్య చదివే విద్యార్థులను పరీక్షలు రాయకుండా ఆపకూడదని చెప్పింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నిబంధనలు 70 శాతం హాజరు అడుగుతాయి, ప్రత్యేక కారణాలు ఉంటే 65 వరకు సడలిస్తాయి. ఆ నిబంధనలను తిరిగి ఆలోచించమని కూడా కోర్టు సూచించింది. ఒక న్యాయ విద్యార్థి 2016లో ప్రాణం తీసుకున్న విషాదం నుంచి వచ్చిన కేసు అది, అందుకే ఆ తీర్పును నేను గౌరవంతో చదివాను. అయితే అది న్యాయ కళాశాలల గురించి ఇచ్చిన తీర్పు. బి.టెక్. విద్యార్థికి జె.ఎన్.టి.యు. పెట్టిన 65 శాతం గీతను అది చెరపలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఆ వార్తను నమ్ముకుని తరగతులు మానేయవద్దని మీ తోటివారికి కూడా చెప్పండి.

అమెరికా సంగతిలోనూ మీ అన్నయ్య చెప్పింది సగమే. అక్కడ దేశమంతటికీ ఒకే శాతం అంటూ లేదు, హాజరు ఎంత కావాలో, దానికి మార్కులు ఉంటాయో లేదో సాధారణంగా ప్రొఫెసరే కోర్సు మొదట్లో ఇచ్చే సిలబస్‌లో రాస్తారు. కానీ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు పూర్తి కోర్సు లోడుతో చదవాలి. జబ్బు చేసి కోర్సులు తగ్గించుకోవాలంటే లైసెన్సు ఉన్న వైద్యుడి కాగితం చూపి, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి దగ్గర ముందుగానే అనుమతి తీసుకోవాలి, ఆ వెసులుబాటు కూడా ఒక స్థాయి చదువులో మొత్తం 12 నెలలకు మించి దొరకదు. చెప్పకుండా కోర్సు వదిలేస్తే అక్కడ పోయేది వీసా హోదా.

ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం విడిగా కనుక్కోవాలి. దానికీ 75 శాతం హాజరు షరతు ఉంది, పరీక్షకు దొరికిన కండోనేషన్ దానికి కూడా సరిపోతుందని మీ అంతట మీరు అనుకోవద్దు. కళాశాలలో స్కాలర్‌షిప్ సెక్షన్ వారిని కలిసి, వైద్య కారణంతో కండోనేషన్ పొందిన విద్యార్థుల హాజరును వారు ఎలా పంపుతున్నారో ఇప్పుడే అడగండి, అర్జీ నకలు ఒకటి వారికి కూడా ఇవ్వండి. డిటెయిన్ అయితే అదే సెమిస్టర్ ఫీజుకు ప్రభుత్వం రెండోసారి డబ్బు ఇస్తుందని లెక్కపెట్టుకోలేం కాబట్టి, మీ ఇంటి పరిస్థితిలో 65 దాటడం పరీక్షకే కాదు, డబ్బు లెక్కకు కూడా ముఖ్యం.

మిగిలిన నాలుగు వారాల్లో 99 తప్పనిసరి అని చెప్పాను కదా అని 41 పీరియడ్లను సెలవుల ఖాతాలా చూసుకోకండి. డెంగీ తర్వాత నీరసం కొన్ని వారాల పాటు ఉంటుంది. ఒకరోజు నిజంగా లేవలేకపోతే ఆ రోజు కోసం ఆ వెసులుబాటు దాచుకోండి. రెండు మూడు పీరియడ్లు ఒకేసారి పోయే ల్యాబ్ రోజులను ముఖ్యంగా వదలకండి, ఆ ప్రయోగాలు తిరిగి చేసుకునే వీలు కూడా తక్కువ. సాయంత్రం తలనొప్పి వస్తే మధ్యాహ్నం వరకైనా ఉండి రావడం, అసలు వెళ్లకపోవడం కన్నా మేలు, పీరియడ్ల లెక్కన హాజరు వేసేచోట సగం రోజుకు కూడా విలువ ఉంది. జబ్బుతో పోయిన పాఠాల నోట్సు కోసం స్నేహితులను అడగడానికి మొహమాటపడకండి. మన్నింపు దొరికి పరీక్ష హాలులోకి వెళ్లాక, చదవని యూనిట్లను ఏ కమిటీ మన్నించదు. నిద్ర పట్టకపోవడం ఇలాగే కొనసాగితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిగా ఇంట్లో చెప్పడం గురించి. ఇది దాచి పెట్టగల విషయం కాదు, దాచవలసినదీ కాదు. హాజరు తక్కువైనవారి ఇళ్లకు చాలా కళాశాలల నుంచి ఎస్.ఎం.ఎస్. వెళుతుంది, అర్జీ మీద తల్లిదండ్రుల సంతకం అడుగుతారు, కొన్నిచోట్ల వారిని స్వయంగా రమ్మంటారు. స్టెంట్ వేయించుకుని కోలుకుంటున్న మనిషికి ‘మీ అమ్మాయి డిటెన్షన్’ అన్న ముక్క ఫోన్‌లో వచ్చి తగలడం కన్నా, పూర్తి సంగతి మీ నోట వినడం ఆయన గుండెకు తేలిక. ముందు అమ్మకు చెప్పండి. చెప్పేటప్పుడు పైన వేసిన లెక్క కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ‘63 శాతం ఉంది, ఇకపై అన్ని తరగతులకూ వెళితే 72 దాటుతుంది, అర్జీ పెడుతున్నాను, ఆసుపత్రి కాగితాలు కావాలి, సంతకం కావాలి’ అని ఆ వరుసలోనే చెప్పండి. డిశ్చార్జి కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో, ఆసుపత్రిలో ఎవరిని అడగాలో మీకన్నా అమ్మకే బాగా తెలిసి ఉంటుంది. నాన్నగారికి ఎప్పుడు, ఎలా చెప్పాలో కూడా ఆమే చూసుకుంటారు. సంతకం అమ్మ పెట్టినా చెల్లుతుంది, నాన్నగారిని అంత దూరం తిప్పనక్కరలేదని క్లాస్ ఇన్‌ఛార్జి మేడమ్‌కు ముందే చెప్పి ఉంచండి.